హాస్టల్ స్నానాల నీళ్లకు గ్యాసు, కట్టెలు మానేయాలంటే

మన నల్లగొండ, పాలమూరు వైపు సర్కారు భవనాల్లో గదులు వెచ్చబెట్టే పని లేదు. ఇక్కడ మంట మండేది నీళ్ల కోసం, హాస్టళ్లలో, గురుకులాల్లో, కాన్పుల వార్డుల్లో. నేను చదువుకున్న హాస్టల్లో చలికాలం కట్టెల పొయ్యి మీద పెద్ద కాగు పెట్టేవాళ్లు, పొగకు కామాటి అన్న కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి, ఇంత చేసినా ముందు లేచినోళ్లకే వేడినీళ్లు దక్కేవి, చిన్న తరగతుల పిల్లలు వణుక్కుంటూ చన్నీళ్లు పోసుకునేవాళ్లు. ఇప్పుడు చాలాచోట్ల కట్టెల బదులు గ్యాసు వచ్చింది, అంతే తేడా.

వార్డెన్లు, ఏఈలు (అసిస్టెంట్ ఇంజనీర్లు) ముందు హీట్ పంపు, సోలార్ హీటర్ లాంటి నీళ్లు కాచే మిషన్ల రేటు అడగకండి, నీళ్లు లెక్కపెట్టండి. వంద మంది పిల్లలకు తలా 10 లీటర్ల వేడినీళ్లు అనుకుంటే 1,000 లీటర్లు. 20 డిగ్రీల నీళ్లను 45 డిగ్రీలకు తేవాలంటే కరెంటు యూనిట్ల లెక్కలో దాదాపు 29 యూనిట్ల వేడి కావాలి. మామూలు గ్యాసు పొయ్యి మీద ఇదే పనికి రోజూ 4 కిలోల దాకా గ్యాసు పోతుంది, అంటే 19 కిలోల సిలిండర్ ఐదు రోజులకే ఖాళీ.

గీజర్లు పెట్టిస్తే సరిపోదా అంటారు. సరిపోదు. ఆ 29 యూనిట్లూ కరెంటు మీటర్లో తిరుగుతాయి, మన కరెంటులో ఎక్కువ భాగం ఇంకా బొగ్గుదే. దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం మన కళ్ల ముందే ఉంది, హాస్టల్లో ఆర్పిన మంట అక్కడ వెలిగితే మనం మార్చింది ఏముంది?

నా ఓటు హీట్ పంపుకే. ఏసీ గదిలో వేడిని బయటికి తోసినట్టే ఇది బయటి గాలిలో వేడిని లాగి నీళ్లకు ఎక్కిస్తుంది, ఒక యూనిట్ కరెంటుకు సుమారు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. 29కి బదులు పది యూనిట్లతో పని అయిపోతుంది. మన దగ్గర చలికాలం మధ్యాహ్నం గాలి బాగా వెచ్చగా ఉంటుంది కాబట్టి టైమర్ పెట్టి 12 నుంచి 4 దాకా నడపండి, సోలార్ కరెంటు దండిగా ఉండే వేళ కూడా అదే. మంచి ఇన్సులేషన్ ఉన్న ట్యాంకులో ఆ నీళ్లు తెల్లారి స్నానాల వరకు వేడిగానే ఉంటాయి. నాలుగు గంటల్లో కాగాలంటే రెండున్నర కిలోవాట్ల లోడ్ పడుతుంది, శాంక్షన్ లోడ్ (కనెక్షన్‌కు మంజూరైన లోడ్), ఎర్తింగ్ ముందే చూపించుకోండి.

మిద్దె మీద నీడ లేని చోటుంటే సోలార్ హీటర్ ఇంకా చవక, కరెంటే అక్కర్లేదు. ముఖం దక్షిణానికి ఉండాలి, మనకు అవసరం చలికాలంలోనే కాబట్టి వాలు 30 డిగ్రీల దాకా పెట్టించండి. 1,000 లీటర్లంటే టన్ను బరువు, పాత మిద్దె అయితే పిల్లర్ల మీదికి వచ్చేలా ట్యాంకు పెట్టాలి, ఇంజనీరు చూడకుండా ఎక్కించొద్దు.

అసలు దెబ్బ కొట్టేది నీళ్లు. ఒక హాస్టల్లో సోలార్ పెట్టిన రెండేళ్లకే నీళ్లు గోరువెచ్చగా కూడా రావడం మానేశాయి, విప్పి చూస్తే లోపలంతా సున్నం లాంటి తెల్లటి పొర. బోరు నీళ్లే ఎక్కించారు, మళ్లీ కట్టెలు తెచ్చుకున్నారు. హీట్ పంపుకైనా సోలార్‌కైనా మిషన్ భగీరథ నీళ్ల లైనే ఇవ్వండి, అది అందకపోతే నీళ్లలో ఆ సున్నం తగ్గించే సాఫ్ట్‌నర్ పెట్టండి. ఏడాదికోసారి పొర తీయించే పని టెండరులోనే, ఐదేళ్ల మెయింటెనెన్స్‌తో కలిపి రాయించండి, తర్వాత దానికి బిల్లు పాస్ చేయించుకోవడం వార్డెన్ వల్ల కాదు. ఇంకో మాట, బోరు నీళ్లు కాచినంత మాత్రాన వాటిలో ఫ్లోరైడ్ పోదు, ఈ నీళ్లు తాగడానికి వాడనివ్వకండి.

ఆస్పత్రులకు లెక్క కొంచెం వేరు. స్నానాలకు, బట్టలు ఉతకడానికి హీట్ పంపు బాగా పనికొస్తుంది గానీ ఆపరేషన్ సామాను శుద్ధి చేసే ఆటోక్లేవ్‌కు 121 డిగ్రీల ఆవిరి కావాలి, దాన్ని ఇందులో కలపొద్దు, విడిగా కరెంటు మీదే ఉంచండి.

ఎండాకాలం సెలవులకు హాస్టల్ మూసేటప్పుడు సోలార్ గాజు గొట్టాల మీద టార్పాలిన్ కప్పండి. జూన్‌లో తెరిచాక, ఖాళీ గొట్టాల్లోకి మిట్ట మధ్యాహ్నం చన్నీళ్లు వదిలితే గాజు పగులుతుంది, తెల్లవారుజామున నింపమని కామాటికి, వాచ్‌మన్‌కి ఇద్దరికీ చెప్పిపెట్టండి.