పాడుబడ్డ వెండి-సీసం గని దిబ్బను చదవడం ఎలా

వదిలేసిన వెండి-సీసం గని దగ్గర చూడాల్సింది సొరంగాన్ని కాదు, దాని ముందున్న రాళ్ల దిబ్బను. మంచి ధాతువు ఎప్పుడో తరలిపోయింది. దిబ్బ మీద మిగిలింది దాని చుట్టూ ఉన్న రాయి, ఏరేటప్పుడు చేజారిన ముక్కలు. ఖనిజ సిర (రాతి పగులులో ఖనిజాలు నిండిన పట్టీ) ఎలా పుట్టిందో, పైనుంచి కిందికి ఎలా మారిందో చెప్పడానికి అవి చాలు. లోపలికి మాత్రం అడుగు పెట్టొద్దు. కుళ్లిన కర్ర ఆధారాలు, నీళ్ల కింద కనిపించని నిలువు గోతులు ఒక ఎత్తయితే, ఆక్సిజన్ తగ్గిన గాలి ఒక్కటీ ఒక ఎత్తు. పైరైట్, అంటే ఇనుప సల్ఫైడు, తుప్పు పడుతూ ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. ఊపిరాడటం లేదని గ్రహించేలోపే స్పృహ పోతుంది. దిబ్బ మీద ఏరడానికైనా స్థలం హక్కుదారు అనుమతి తీసుకోండి.

కావాల్సినవి: 10 రెట్లు పెంచే భూతద్దం, గ్లేజు లేని పింగాణీ పలక (టైలు వెనుక వైపు సరిపోతుంది), ఉక్కు మేకు, 1 గ్రాము తేడా చూపే డిజిటల్ తూకం, దారం, 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉన్న డ్రాపర్ సీసా, చేతి తొడుగులు, కళ్లద్దాలు, సంచులు, మార్కర్.

ముందు దిబ్బ వరస పట్టుకోవాలి. తోపుడు బండ్లలో తెచ్చి చివరన ఒంపేవారు కాబట్టి దిబ్బ సొరంగం నుంచి బయటికి పెరుగుతుంది. సొరంగం నోటి దగ్గరిది సాధారణంగా మొదట్లో తవ్వినది, బయటి కొసన ఉన్నది ఆఖర్న తవ్వినది. తర్వాతి కాలంలో ఎవరైనా తిరగేసి ఉంటే ఈ లెక్క చెల్లదు. గుప్పెడు కంటే చిన్నగా, తాజా అంచులతో పగిలిన ముక్కలు ఒకేచోట పోగుపడి ఉంటే అది ధాతువు ఏరిన చోటు. ఎక్కువ సమయం అక్కడే గడపండి.

రాయిని చూడకముందే చేత్తో ఎత్తి చూడండి. గెలీనా, అంటే సీసం సల్ఫైడు, నీటికంటే ఏడున్నర రెట్లు బరువు, పలుగురాయి 2.65 రెట్లే. అనుమానం తీరాలంటే తూకం ఉంది. పొడిరాయిని తూచండి. తర్వాత తూకం మీద గ్లాసు నీళ్లు పెట్టి సున్నా చేసి, రాయిని దారంతో వేలాడదీసి, అడుగుకీ అంచులకీ తగలకుండా పూర్తిగా ముంచండి. అప్పుడు కనిపించే గ్రాములతో మొదటి బరువును భాగించండి. 150 గ్రాముల రాయి మునిగినప్పుడు 20 చూపితే ఫలితం 7.5.

తప్పులు ఎక్కువగా రెండు చోట్ల జరుగుతాయి. రాయికి అంటిన గాలి బుడగలు ఫలితాన్ని తగ్గిస్తాయి. కాసేపు నానబెట్టి, దారాన్ని తట్టి వదిలించండి. ఇక చిన్న ముక్క: 20 గ్రాముల గెలీనా దాదాపు 3 గ్రాములే చూపుతుంది, ఆ ఒక్క గ్రాము అటూ ఇటూ అయితే ఫలితం 5 నుంచి 10 దాకా ఊగుతుంది. 100 గ్రాములకు తగ్గనివి తీసుకోండి. 4.5 వస్తే తొందరపడొద్దు. అది స్వచ్ఛమైన ముగ్గురాయి (బెరైట్) కావచ్చు, ఘనపరిమాణంలో 38 శాతం గెలీనా కలిసిన పలుగురాయి కూడా కావచ్చు. తేల్చేది భూతద్దమే.

గెలీనా పగిలితే లంబకోణపు మెట్లు మెట్లుగా, లోహంలా మెరుస్తుంది. పలక మీద సీసపు బూడిద రంగు గీటు వస్తుంది. నల్లటి స్ఫాలరైట్‌ను (జింకు సల్ఫైడు) చూసి గెలీనా అనుకోవడం మామూలే. దాని గీటు రాయి కంటే బాగా లేతగా, పసుపు నుంచి గోధుమ రంగులో ఉంటుంది. బంగారంలా మెరిసేవాటిలో మేకుతో గీత పడేది చాల్కోపైరైట్ (రాగి, ఇనుము ఉన్న సల్ఫైడు), పడనిది పైరైట్.

తెల్లరాళ్లను వదిలేయొద్దు, సిర కథ వాటిలోనే ఉంది. చేతికి బరువుగా తగిలితే ముగ్గురాయి. ఆమ్లం చుక్కకు నురగలు కక్కితే కాల్సైట్. నురగ లేకుండా మేకుకు గీత పడి, నున్నటి ఏటవాలు తలాలుగా చీలేది ఫ్లోరైట్. మేకుకు లొంగనిది పలుగు. సుమారు 100 నుంచి 300 డిగ్రీల ఉప్పునీరు పగుళ్లగుండా వస్తూ, చల్లబడో వేరే నీటితో కలిసో వీటిని గోడలకు పొరలుగా పేర్చింది. ఒకవైపు గోడరాయి, మరోవైపు స్ఫటికాల మొనలు ఉన్న ముక్క దొరికితే గోడ నుంచి మొనల వైపు చదవండి: మొదట పేరుకున్నది గోడకు ఆనుకుని, చివరిది మొనల మీద ఉంటుంది.

తుప్పు రంగు రాళ్లు సిర పైభాగానివి. వాన నీరు, గాలి దిగిన మేర గెలీనా ముందు ఆంగ్లిసైట్‌గా (సీసం సల్ఫేటు), తర్వాత సెరుసైట్‌గా (సీసం కార్బొనేటు) మారుతుంది. బూడిద రంగు పెంకు కట్టిన బరువైన ముద్దను పగలగొడితే నడుమ ఇంకా మెరిసే గెలీనా, దాని చుట్టూ ఈ రెండూ వరసగా కనిపించవచ్చు. చూడముచ్చటైన దృశ్యం అది. వజ్రంలా మెరిసే తెల్లటి, బరువైన స్ఫటికాలు సెరుసైట్. ఆరు పలకల పొట్టి ఆకుపచ్చ కడ్డీలు పైరోమార్ఫైట్ అనే మరో సీసపు ఖనిజం.

మరి వెండి? చాలావరకు కంటికి కనిపించదు. టన్నుకు 100 గ్రాములంటే 0.01 శాతమే, అదీ గెలీనా లోపల టెట్రాహెడ్రైట్ (రాగి, ఆంటిమొనీ ఉన్న సల్ఫైడు) వంటి ఖనిజాల సూక్ష్మ రేణువుల్లో దాగి ఉంటుంది. వాటిలో వెండి బాగా ఉన్న ఫ్రైబర్గైట్‌కు జర్మనీలోని ఫ్రైబర్గ్ పేరు పెట్టారు. సన్నరేణువుల గెలీనాలో వెండి ఎక్కువన్న పాత నమ్మకాన్ని పట్టుకోవద్దు, ప్రయోగశాల పరీక్షే దారి. ఇంట్లో కరిగించి చూడటం సీసపు ఆవిరిని పీల్చడమే. కంటితో దొరికే అవకాశం రాతిలోని బోలు గుల్లల్లో ఉంది: నల్లబడిన తీగల్లాంటి వెండి (నార్వేలోని కాంగ్స్‌బర్గ్ వీటికి ప్రసిద్ధి), పొడి రాలకుండా చాకుకు సీసంలా తెగే నల్లటి అకాంథైట్ (వెండి సల్ఫైడు). గెలీనా అలా తెగదు, పొడిగా రాలుతుంది.

పొడి దుమ్ములోనూ సీసం ఉంటుంది. అక్కడ తినొద్దు, తాగొద్దు. రాయిని నాకి చూసే అలవాటు మానండి. ప్రతి ముక్కనూ దొరికిన చోటు రాసిన సంచిలో విడిగా వేయండి. గీటు పలకను తడిగుడ్డతో తుడవండి, చేతులు సబ్బుతో కడగండి, ఆ బట్టలు విడిగా ఉతకండి. రాళ్లు కడగడానికి వంటగది సింకు వద్దు. బకెట్లో కడిగి, అడుగున తేరిన బురదను తిరిగి ఆ దిబ్బ మీదే పోయండి.