ఆదివారం దక్కాలంటే శనివారమే సర్దుకోవాలి

ఆదివారం దివ్యపూజలో (చర్చిలో గురువు, అంటే ఫాదర్, చేసే పూజలో) పాల్గొనాలి, ఆరాధనకూ ఆ రోజు సంతోషానికీ ఒంటికీ మనసుకూ కావాల్సిన విశ్రాంతికీ అడ్డొచ్చే పనులు మానాలి అంటుంది శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం 1247వ సూత్రం. మొదటిది మనవాళ్లు బాగానే పాటిస్తారు. జారిపోయేది రెండోదే.

పూజకు శనివారం సాయంత్రం వెళ్లినా విధి తీరినట్టే. ఆదివారం షిఫ్టు పడే జూట్ మిల్లు కార్మికులు, నర్సులు దగ్గరి విచారణల్లో (ఒక్కో గురువు చూసుకునే చర్చి పరిధుల్లో) శనివారం పూజ ఉందేమో ముందే కనుక్కోవాలి. గురువులు ప్రతి వారం రాలేని పల్లెల్లో ఉపదేశి (ఊళ్లో ప్రార్థనలు చూసుకునే సంఘ పెద్ద) నడిపే వాక్యారాధనకు (బైబిలు చదివి చేసే ప్రార్థనకు) వెళ్లండి. అదీ లేకపోతే ఇంట్లోనే ఆ వారం సువిశేషం (యేసు గురించిన బైబిలు భాగం) చదివి అందరూ కలిసి ప్రార్థించండి.

ఏ పని ఆపాలి? ఇవాళ వదిలేస్తే పాడయ్యేదా అని చూడండి. వరి పనల మీద ఉండగా వాన హెచ్చరిక వస్తే కుప్ప వెయ్యాల్సిందే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానును చూసిన శ్రీకాకుళం జిల్లా ఉద్దానానికి ఇది వేరే చెప్పక్కర్లేదు. బావిలో పడ్డ ఎద్దును విశ్రాంతి దినాన పైకి తియ్యరా అని యేసే అడిగాడు. పశువుల మేత, రోగి సేవ కూడా అంతే. పలాసలో కిలో లెక్కన జీడిపప్పు ఒలిచేవాళ్ల ఇబ్బంది వేరు: మానితే కూలి పోతుంది. ఇల్లు గడవడానికి తప్పనిసరైతే అది పాపం కాదు. విచారణ గురువుతో మాట్లాడండి, మినహాయింపు ఇచ్చే అధికారం ఆయనకుంది. ఆ వారంలోనే ఇంకో పూట విశ్రాంతికి కేటాయించుకోండి.

ఎక్కువ ఇళ్లలో ఆదివారం చెడేది వంటింట్లో. అందరికీ సెలవు, అమ్మకు మాత్రం కోడికూరతో రెండో డ్యూటీ. శనివారం చీకటి పడేలోపు పిండి రుబ్బి, మసాలా నూరి, బట్టలు ఉతికి ఆరేసేయాలి. ఆదివారం ఉల్లిపాయలు నాన్న కోస్తాడు, గిన్నెలు పిల్లలు తోముతారు. కుదరకపోతే చారు, అప్పడాలు చాలు. పండగ కూరలో లేదు.

మిగతా రోజుల్లో ఉదయం ఆరు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం ఆరు గంటలకు త్రికాల జపం (రోజుకు మూడుసార్లు చెప్పుకునే మరియమ్మ ప్రార్థన) చెప్పుకోండి. రెండు మూడు నిమిషాలే, కానీ చేతిలో పని నిజంగా ఆపాలి. పడుకునే ముందు అయిదు నిమిషాలు ఆత్మశోధన: దేవుడి మేలు ఎక్కడ కనబడింది, ఎక్కడ తప్పాను. రేపటి మొదటి పని కాగితం మీద రాసేసి 127వ కీర్తన చదివి దీపం ఆర్పండి. మంచం మీద లెక్కలు వేస్తే నిద్ర చెడుతుంది, లెక్క తేలదు.

అప్పుంటే జపమాల చెప్పుకుని ఊరుకోవడం నమ్మకం అనిపించుకోదు. డ్వాక్రా వాయిదాకు డబ్బు తగ్గేట్టుంటే గడువుకు ముందే గ్రూపు లీడరుకు చెప్పండి. చెప్పాక ఆ రాత్రికి ఆ సంగతి వదిలేయండి.