ఇంటి దగ్గరే బండి పని – 4వ పాఠం: చాంబర్ ప్యాకింగ్ మార్చడం

ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టే చాంబర్. దానికీ ఇంజన్‌కీ మధ్య అతుకులో ఆయిల్ కారకుండా వేసేది ప్యాకింగ్. ఆయిల్ ఎక్కడి నుంచి కారుతోందో పట్టుకోవడం పోయిన పాఠంలో చూశాం. ఇంజన్ పై మూత (వాల్వ్ కవర్) దగ్గర కారినా, ఫిల్టర్ దగ్గర కారినా ఆయిల్ జారుకుంటూ వచ్చి చాంబర్ అంచుకే చేరుతుంది. అందుకే ఇంజన్ శుభ్రంగా తుడిచి, కాసేపు బండి నడిపి, తడి ఎక్కడ మొదలవుతోందో చూడమన్నాను. అది చాంబర్ అతుకు దగ్గరే అని తేల్చుకున్నవాళ్లకే ఈ పాఠం.

ముందు కిందకు తొంగి చూడండి. కొన్ని కార్లలో చాంబర్‌కి అడ్డంగా క్రాస్ మెంబరో (బండి అడుగున ఉండే అడ్డ దూలం) సైలెన్సర్ పైపో ఉంటుంది. ఇంజన్ని పైకి లేపితే తప్ప చాంబర్ బయటికి రాదు. అలాంటి బండి మెకానిక్‌కి ఇచ్చేయండి.

మన విజయనగరం వైపు ఎర్రమట్టి పెరళ్లు ఎక్కువ. ఒక్క వాన పడితే చాలు, జాకీ నేలలోకి దిగిపోతుంది. సిమెంటు గచ్చు మీదే పని పెట్టుకోండి. జాకీ ఉన్నది బండి లేపడానికి మాత్రమే. లేపాక రెండు పక్కలా బండి బరువు మోసే ఇనుప స్టాండ్లు పెట్టి, నేల మీదున్న చక్రాలకు అడ్డు వేసి, బండిని గట్టిగా ఊపి చూశాకే కిందకు దూరండి. ఇటుకలు, సిమెంటు దిమ్మలు వద్దే వద్దు. బరువుకి ఉన్నట్టుండి పగిలిపోతాయి. స్టాండ్లు దొరకలేదా, దొరికే దాకా పని ఆపండి.

ఆయిల్ గోరువెచ్చగా ఉన్నప్పుడు, చాంబర్ అడుగున ఉండే డ్రెయిన్ బోల్టు విప్పి దింపేయండి. మరుగుతున్నప్పుడు దింపితే చెయ్యి కాలుతుంది. తర్వాత చాంబర్ బోల్టులు. చాలా బండ్లలో ఇవి 10 నంబర్ స్పానర్ పట్టే చిన్న బోల్టులు. మూలల్లో ఉన్నవాటిని చివరికి ఉంచండి. అన్నీ తీసినా చాంబర్ ఊడి రాదు, అతుక్కుని ఉంటుంది. పక్క నుంచి రబ్బరు సుత్తితో మెల్లగా తట్టండి. సందులో స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే అంచు మీద గాటు పడుతుంది, రేపు లీకు అక్కడే మొదలవుతుంది. ఊడివచ్చేటప్పుడు అడుగున ఇంకా కొంత ఆయిల్ ఉంటుంది, మొహం పక్కకు పెట్టుకోండి.

చాంబర్ అడుగున వేలు పెట్టి చూడండి. మెరిసే లోహపు రేకులు తగిలితే బేరింగులు అరుగుతున్నాయన్నమాట. ప్యాకింగ్ సంగతి పక్కనపెట్టి మెకానిక్‌ని పిలవండి.

ఇప్పుడు అసలు పని. పాత ప్యాకింగ్ ముక్క ఒక్కటి కూడా మిగలకూడదు. అల్యూమినియం మీద ఇనుప బ్లేడు ఆడించొద్దు, గీతలు పడతాయి. ప్లాస్టిక్ గీకుడు బద్ద గానీ, అంచు చెక్కిన వెదురు ముక్క గానీ చాలు. ఇంజన్ పై నుంచి ఆయిల్ చుక్కలు దిగుతూనే ఉంటాయి కాబట్టి రాత్రంతా కింద పళ్లెం పెట్టి వదిలేయండి. పొద్దున్న బ్రేక్ క్లీనర్ (జిడ్డు తీసే స్ప్రే) కొట్టి తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డ తెల్లగా వచ్చేదాకా ఆపొద్దు.

రేకు చాంబర్ అయితే ఇంకో పరీక్ష ఉంది. స్టీలు స్కేలుని అంచు మీద నిలబెట్టి, వెనక నుంచి టార్చి వేయండి. బోల్టు రంధ్రాల మధ్య సన్నని వెలుతురు గీత కనిపిస్తే, వెనకటికి ఎవరో బోల్టులు మరీ బిగించేశారని అర్థం. రంధ్రం చుట్టూ రేకు పైకి లేచిపోయింది. సమంగా ఉన్న ఇనుప దిమ్మ మీద అంచు ఆనించి, చిన్న సుత్తితో ఆ ఉబ్బు అణగ్గొట్టండి. ఈ పని మానేసి ఎంత ఖరీదైన ప్యాకింగ్ వేసినా మళ్లీ కారుతుంది. అల్యూమినియం చాంబర్‌ని మాత్రం కొట్టకూడదు, పగులుతుంది.

భోగాపురం, పూసపాటిరేగ వైపు సముద్రపు గాలి తగిలే ఊళ్లవాళ్లు తుప్పు కూడా చూసుకోండి. స్క్రూడ్రైవర్ మొనతో పొడిస్తే రేకు మెత్తగా లోపలికి పోతుంటే కొత్త చాంబర్ కొనాల్సిందే.

రబ్బరు ప్యాకింగ్ అయితే పొడిగానే వేయండి. మాన్యువల్ చెప్పిన మూలల్లో మాత్రమే, ట్యూబులో వచ్చే సిలికాన్ జిగురు చుక్క. కొన్ని ఇంజన్లకు ప్యాకింగే ఉండదు, మొత్తం సిలికానే. వాటికి సుమారు 3 మిల్లీమీటర్ల మందాన, బోల్టు రంధ్రాలకు లోపలి వైపుగా, ఎక్కడా తెగకుండా ఒకే గీత గీయండి. సిలికాన్ గాలిలో తేమ పీల్చుకునే గట్టిపడుతుంది, మన ఉక్క రోజుల్లో తొందరగా పొర కడుతుంది. బోల్టులన్నీ చేతికి అందేలా పెట్టుకున్నాకే ట్యూబు మూత తియ్యండి. ఎక్కువ పూస్తే లోపలికి పొంగి, ముక్కలు తెగి ఆయిల్ జల్లెడకు అడ్డం పడతాయి. ఇంజన్‌కి ఆయిల్ అందదు.

బోల్టులన్నీ ముందు వేళ్లతో తిప్పండి. తర్వాత మధ్య నుంచి చివరలకు, అటొకటి ఇటొకటి, రెండు విడతలుగా బిగించండి. ఈ సైజు బోల్టుకి బిగింపు సుమారు 10 న్యూటన్ మీటర్లు, మీ మాన్యువల్లో వేరే అంకె ఉంటే అదే లెక్క. టార్క్ రెంచి (బిగింపు కొలిచే స్పానర్) లేకపోతే స్పానర్‌ని తల దగ్గర పట్టుకుని మణికట్టు బలంతోనే తిప్పండి, భుజం బలం వాడొద్దు. ప్యాకింగ్ పక్కకు ఉబ్బుతోందంటే ఎక్కువైనట్టే.

సిలికాన్ వేసినవాళ్లు ఒక రోజు ఆరనిచ్చాకే ఆయిల్ పోయండి. స్టార్ట్ చేశాక ఆయిల్ లైటు కొన్ని సెకన్లలో ఆరిపోవాలి, లేకపోతే వెంటనే ఆపేయండి. రాత్రికి కింద అట్టముక్క పరిచి, పొద్దున్న చూడండి.

దింపిన పాత ఆయిల్‌ని కాలువలో గానీ మట్టిలో గానీ పోయొద్దు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి అది వస్తుంది. చెదలు పట్టకుండా కర్రలకు పూసే అలవాటు కూడా మానండి. క్యానులో పోసి, పాత ఆయిల్ పోగుచేసే గ్యారేజీకి ఇవ్వండి.

వచ్చే పాఠంలో డ్రెయిన్ బోల్టు మరలు అరిగిపోతే ఏం చేయాలో చూద్దాం. ఈలోగా ఎప్పుడు ఆయిల్ దింపినా, తీసిన ఆ బోల్టు మరల మధ్య లోహపు పొడి ఉందేమో చూసి పెట్టుకోండి.