కానుగ పూతలో వార్బ్లర్లు: బెంగళూరు పొద్దుల్లో వెతికే తీరు

చలికాలమంతా బెంగళూరులో గడిపిన వార్బ్లర్లు (ఆకుల్లో పురుగులు ఏరుకుని తినే చిన్న పిట్టలు) ఏప్రిల్ చివరికల్లా చాలావరకు ఉత్తరానికి వెళ్లిపోతాయి. దూరప్రయాణానికి ఒంట్లో కొవ్వు పట్టాలి కాబట్టి, వెళ్లేముందు వాటి ధ్యాసంతా తిండి మీదే. వెతికేవాళ్లకు అదే అదను.

చెట్టును ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. ఉగాది రోజుల్లో కానుగ (ఇక్కడ హొంగె అంటారు) చిగురేసి పూస్తుంది, పురుగులు చేరతాయి. లాల్‌బాగ్‌లోనో కబ్బన్ పార్కులోనో అలాంటి చెట్టొకటి చూసుకుని, ఎండ వీపు మీద పడేలా 15 మీటర్ల దూరంలో నిలబడండి. సరిగ్గా చెట్టు కిందికి వెళ్తే కనబడేది పాలిపోయిన కడుపు, మిగిలేది మెడనొప్పి. ఉదయం 6:30 నుంచి 9 దాకా మంచి సమయం. బైనాక్యులర్ 8×42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ.) చాలు. 10× లో కనబడే మేర తక్కువ, గెంతే పిట్ట ఇట్టే జారిపోతుంది.

గాలికైతే కొమ్మంతా ఊగుతుంది, పిట్టకైతే ఒక్క రెమ్మే అదురుతుంది. ఆ రెమ్మ మీంచి చూపు తిప్పకుండా బైనాక్యులర్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకోండి.

అసలు పని చెవులది. గ్రీనిష్ వార్బ్లర్ పిలుపు రెండు ముక్కలు: "చిస్-లీ". దాదాపు అలాగే ఉండే గ్రీన్ వార్బ్లర్ పిలుపులో మూడు ముక్కలు వినిపిస్తాయి. రెక్క మీది సన్నటి లేతచార ఆకుల నీడలో మోసం చేస్తుంది, దాన్ని బట్టి తేల్చకండి. గ్రీనిష్ చలికాలంలో తన జాగాను కాపలా కాస్తుంది. ఇవాళ తప్పిపోతే రేపు అదే చెట్టు దగ్గర వెతకండి.

బ్లైత్స్ రీడ్ వార్బ్లర్ దారి వేరు. చెరువు గట్ల జమ్ములో, లంటానా పొదల్లో కిందకిందే తిరుగుతూ, రెండు గులకరాళ్లు తాకించినట్టు "చెక్... చెక్" అంటుంది. మీరు పొదలోకి దూరితే అది నోరు మూసుకుంటుంది. రెండు పొదల మధ్య సందుకు ఎదురుగా పది నిమిషాలు కదలకుండా నిలబడితే అదే దాటుతుంది. తోక పైకెత్తి, నెత్తి ఎర్రగా ఉంటే అది దర్జీ పిట్ట. మొదట్లో అందరూ పొరబడేది దీంతోనే.

ఫోన్‌లో కూతలు మోగించి పిలవకండి, మేత మానుకుని ఉత్తినే ఎగిరొస్తాయి. కూత విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్ చెప్పింది సూచన మాత్రమే. పిలుపు వినకపోతే, చూసిన పిట్టల్ని నమోదుచేసే వెబ్‌సైటు ఈబర్డ్‌లో "గ్రీనిష్/గ్రీన్" అనే రాయండి, నామోషీ ఏమీ లేదు.