ఇన్‌హేలర్ కొట్టినా పిల్లల ఆయాసం తగ్గకపోతే ఏం చేయాలి?

ఆస్తమా ఉన్న పిల్లల ఇంట్లో ఆయాసాన్ని అప్పటికప్పుడు తగ్గించే రిలీవర్ ఇన్‌హేలర్ పెద్ద ధైర్యం. రెండు పఫ్‌లు కొడితే పావుగంటలో లేచి ఆడుకుంటారు. కానీ ఏదో ఒక రాత్రి ఆ పఫ్‌లు పనిచేయవు. ఇంకో రెండు కొట్టి చూద్దాం, ఇంకో పది నిమిషాలు చూద్దాం అనుకుంటుండగానే గంట గడిచిపోతుంది. మా అబ్బాయికి ఆరేళ్లప్పుడు నేను అలా గంటన్నర చూశాను. ఆ తప్పు మీరు చేయకండి.

ముందు చొక్కా విప్పి చూడండి

దుప్పటి కప్పుకుని పడుకున్న బిడ్డను చూస్తే ఏమీ తెలియదు. లైటు వేసి, చొక్కా తీసి, ఛాతీని ఒక నిమిషం పాటు చూడండి. ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోతోందా? గొంతు కింద గుంట పడుతోందా? ముక్కుపుటాలు అదురుతున్నాయా? మన పెద్దవాళ్లు డొక్కలు ఎగరేస్తోంది అనేది దీన్నే. ఒక వాక్యం పూర్తిగా చెప్పలేక మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నా, చంటిపిల్లలు పాలు తాగలేకపోతున్నా అది తీవ్రమైన ఆయాసమే. ఊపిరులు కూడా లెక్కపెట్టండి. ఐదేళ్లు దాటిన పిల్లల్లో నిమిషానికి 30, ఏడాది నుంచి ఐదేళ్లలోపు వాళ్లలో 40 దాటితే తేలిగ్గా తీసుకోకూడదు.

పెదవులు నీలంగా మారినా, బిడ్డ మత్తుగా వాలిపోతున్నా, ఇంతసేపూ వినిపించిన పిల్లికూతలు ఆయాసం తగ్గకుండానే ఆగిపోయినా వెంటనే అంబులెన్స్ పిలవండి. ఈ మూడోది చాలామందిని మోసం చేస్తుంది. చప్పుడు ఆగింది కదా, తగ్గిందనుకుంటాం. నిజానికి కూత రావాలన్నా కాస్త గాలి కదలాలి. ఆ మాత్రం గాలి కూడా కదలడం లేదని దాని అర్థం.

ఇంట్లో పల్స్ ఆక్సీమీటర్ (వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసేది) ఉంటే పెట్టండి. 92 కంటే తక్కువ చూపిస్తే ఎమర్జెన్సీయే. అలాగని 96 ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి. ముదురు రంగు చర్మం మీద అది ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు, వేళ్లు చల్లబడినా లెక్క తప్పుతుంది. అంకెకూ ఛాతీకీ పొంతన కుదరకపోతే ఛాతీనే నమ్మండి.

మందు లోపలికి వెళ్తోందో లేదో చూసుకోండి

బిడ్డను నిటారుగా, కొంచెం ముందుకు వంగేలా కూర్చోబెట్టండి. పడుకోబెట్టకండి. ఇన్‌హేలర్‌ను బాగా ఊపి స్పేసర్‌కి (మందును కాసేపు పట్టి ఉంచే ప్లాస్టిక్ గొట్టం) తగిలించండి. చిన్నపిల్లలకైతే మాస్కు ముక్కూ నోరూ కప్పుతూ ముఖానికి అతుక్కోవాలి, పక్క నుంచి గాలి పోకూడదు. గుక్కపట్టి ఏడుస్తుంటే మందు ఊపిరితిత్తుల దాకా పెద్దగా చేరదు. అందుకే ఒళ్లో కూర్చోబెట్టుకుని, నెమ్మదిగా మాట్లాడుతూ ఇవ్వండి.

డోసుల కౌంటర్ ఉంటే అందులో అంకె చూడండి. మందు అయిపోయిన డబ్బా కూడా నొక్కితే బుస్సుమంటుంది, బయటికి వచ్చేది ఉత్త గ్యాసే. మా ఇంట్లో ఒకసారి ఇదే జరిగింది. ఖాళీ డబ్బాతో ఆరు పఫ్‌లు కొట్టి, మందు పనిచేయడం లేదని హడలిపోయాం.

గడియారం చూసి పఫ్‌లు ఇవ్వండి

మీ డాక్టర్ రాసిచ్చిన ప్లాన్ ఉంటే దాన్నే పాటించండి. లేకపోతే సాధారణంగా చెప్పే పద్ధతి ఇది: సాల్బుటమాల్ (రిలీవర్‌లో ఉండే మందు) 100 మైక్రోగ్రాముల పఫ్ ఒకటి కొట్టి, స్పేసర్‌లోంచి నాలుగైదు సార్లు ఊపిరి పీల్చనివ్వాలి. అర నిమిషం నుంచి నిమిషం ఆగి ఇంకొకటి. అలా గరిష్ఠంగా 10 పఫ్‌లు. ఐదేళ్లలోపు పిల్లలకు 6 దగ్గరే ఆపమనే డాక్టర్లూ ఉన్నారు.

అప్పటికీ తగ్గకపోతే ఆస్పత్రికి బయల్దేరాల్సిందే. అంబులెన్స్ రావడం ఆలస్యమైతే 10 నిమిషాల తర్వాత మళ్లీ అదే పద్ధతిలో ఇవ్వవచ్చు. చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. అది మందు ప్రభావమే, దానికి భయపడి ఆపకండి. తగ్గినట్టే తగ్గి నాలుగు గంటలు తిరక్కుండా మళ్లీ ఆయాసం మొదలైనా డాక్టర్‌కి చూపించాల్సిందే. ఇలాంటప్పుడు వేయమని స్టెరాయిడ్ మాత్రలు ముందే రాసిచ్చి ఉంటే ఇప్పుడే వేయండి.

ఆవిరి పట్టకండి. మేలు లేకపోగా ఒళ్లు కాలే ప్రమాదం ఉంది. నిద్ర తెప్పించే దగ్గు సిరప్‌లు అస్సలు వద్దు. బిడ్డ స్పృహ తప్పి ఊపిరి ఆగిపోతే వెంటనే సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ నోటితో ఊపిరి ఇవ్వడం) మొదలుపెట్టండి.

ఒక్క మాట. ఏదో తింటూ లేదా చిన్న వస్తువుతో ఆడుతూ హఠాత్తుగా పొలమారి మొదలైన ఆయాసం ఆస్తమా కాకపోవచ్చు, ఏ వేరుశనగ గింజో ఊపిరితిత్తుల దారిలో ఇరుక్కుని ఉండవచ్చు. దద్దుర్లు, ముఖం వాపుతో పాటు వస్తే అది తీవ్రమైన అలర్జీ. దానికి ముందు పడాల్సింది అడ్రినలిన్ ఇంజెక్షన్.

ఆస్పత్రిలో ఏం జరుగుతుందో తెలుసుకుని ఉండండి

వెళ్లగానే ఎన్ని పఫ్‌లు, ఏ టైముకి ఇచ్చారో చెప్పండి. ఇంతకుముందు ఐసీయూలో ఉన్నా చెప్పండి, వాళ్లు ఇంకా జాగ్రత్తగా చూస్తారు.

రిలీవర్ ఎందుకు చాలలేదో ఇక్కడ అర్థమవుతుంది. ఆస్తమా దాడిలో మూడు జరుగుతాయి: శ్వాసనాళాల చుట్టూ కండరం బిగుసుకుంటుంది, లోపలి పొర వాస్తుంది, చిక్కటి కఫం అడ్డం పడుతుంది. సాల్బుటమాల్ వదులు చేసేది కండరాన్నే. వాపు తగ్గాలంటే స్టెరాయిడ్ కావాలి, దానికి కొన్ని గంటలు పడుతుంది. ఆ కొన్ని గంటలూ బిడ్డను నిలబెట్టడమే మిగతా వైద్యమంతా.

ఆక్సిజన్ పెట్టి, ఆక్సీమీటర్ అంకె 94–98 మధ్య ఉండేలా చూస్తారు. మొదటి గంటలో 20 నిమిషాలకోసారి సాల్బుటమాల్‌తో పాటు, శ్వాసనాళాలను వదులు చేసే మరో మందు ఇప్రాట్రోపియంను నెబులైజ్ చేస్తారు, అంటే పొగమంచులా మార్చి మాస్కుతో పీల్పిస్తారు. స్టెరాయిడ్ నోటితో ఇస్తే ఇంజెక్షనే కావాలని పట్టుబట్టకండి. వాంతి కాకుండా ఉంటే రెండూ ఒకేలా పనిచేస్తాయి.

దీనికీ లొంగకపోతే తర్వాత వచ్చేది ఎక్కువగా మెగ్నీషియం సల్ఫేట్, ఇదీ బిగుసుకున్న కండరాన్ని వదులు చేసే మందే. బరువును బట్టి లెక్కగట్టి, గరిష్ఠంగా 2 గ్రాములు, దాదాపు 20 నిమిషాలపాటు నరంలోకి ఎక్కిస్తారు. ఒళ్లు వేడెక్కినట్టు అనిపిస్తుంది, బీపీ పడిపోవచ్చు, అందుకే పక్కనే ఉండి చూస్తుంటారు. అదీ చాలకపోతే సాల్బుటమాల్‌నో, శ్వాసనాళాలను తెరిచే అమైనోఫిలిన్ అనే మందునో నరంలోకి ఇస్తారు. ఊపిరికి ఆసరాగా ముక్కు ద్వారా వేగంగా పంపే హై ఫ్లో ఆక్సిజన్, లేదా మాస్కుతో గాలిని ఒత్తిడితో పంపే బైపాప్ మెషిన్ పెడతారు. వెంటిలేటర్ చివరి మెట్టు. ఆస్తమాలో గాలి లోపలికి పోయినంత తేలిగ్గా బయటికి రాదు, మెషిన్ ఇంకా నింపితే ఊపిరితిత్తులు దెబ్బతినవచ్చు. కాబట్టి డాక్టర్లు వీలైనంత వరకు దాని జోలికి పోరు.

రక్తపరీక్షలో కార్బన్ డయాక్సైడ్ నార్మల్‌గా ఉందని తెలిసి నేను ఊపిరి పీల్చుకున్నాను. డాక్టర్ ముఖంలో మాత్రం టెన్షన్ తగ్గలేదు. అంత వేగంగా ఊపిరి తీసే బిడ్డకు అది తక్కువ ఉండాలట. నార్మల్‌కి వచ్చిందంటే బిడ్డ అలిసిపోతున్నట్టట.

ఇంటికొచ్చాక

స్టెరాయిడ్ కోర్సు మామూలుగా 3 నుంచి 5 రోజులు ఉంటుంది. బాగానే ఉన్నాడు కదా అని మధ్యలో ఆపకండి. రెండు రోజుల్లోగా డాక్టర్‌ని కలవండి. ఆ రోజు ఇన్‌హేలరూ స్పేసరూ వెంట తీసుకెళ్లి, మీరు ఎలా కొడుతున్నారో ఆయన ముందే చేసి చూపించండి. రోజూ వాడాల్సిన స్టెరాయిడ్ ఇన్‌హేలర్ సరిగా వాడుతున్నారా, ఇంట్లో ఎవరైనా పొగతాగుతున్నారా అన్నది నిజాయితీగా చెప్పండి. అన్నీ సరిగ్గా చేస్తున్నా ఇలాంటి దాడులు మళ్లీ మళ్లీ వస్తుంటే ఆస్తమా స్పెషలిస్టుకు రాయమని అడగండి. ఆరేళ్లు దాటిన కొందరు పిల్లలకు ఒమాలిజుమాబ్ లాంటి బయోలాజిక్ ఇంజెక్షన్లు (ఆస్తమాను రేపే రోగనిరోధక చర్యను అడ్డుకునేవి) ఉన్నాయి. మీ బిడ్డకు అవి సరిపోతాయో లేదో రక్తపరీక్షలు చూసి వాళ్లే చెప్తారు.