పెద్దాసుపత్రికి వెళ్తున్నారా? ముందు మీ యూనిట్ ఏదో కనుక్కోండి

పెద్దాసుపత్రి చుట్టూ మూడు రోజులు తిరిగినా పని కాలేదనేవాళ్ల చీటీ తీసి చూస్తే చాలాసార్లు ఒకటే కనిపిస్తుంది: ఎస్-2 రోగి ఎస్-4 ఓపీ రోజున వచ్చి వరసలో కూర్చుని ఉంటారు. ఎస్ అంటే సర్జరీ, ఎం అంటే మెడిసిన్, పక్కనున్న అంకె యూనిట్ నంబరు. చీటీ మీద పేరు, వయసు, ఓపీ నంబరు, గది నంబరు పెద్దగా ఉంటాయి. ఈ అక్షరం, అంకె మాత్రం ఏ మూలనో పెన్నుతో గీకినట్టు ఉంటాయి. ప్రభుత్వ బోధనాసుపత్రి మొత్తం నడిచేది వాటి మీదే.

జిల్లాలోని సర్కారు ఆసుపత్రులన్నీ ఒకే అధికారి కింద ఉండవు. పీహెచ్‌సీలను ప్రజారోగ్య శాఖ చూసుకుంటుంది. ఏరియా, జిల్లా ఆసుపత్రులు చాలా ఏళ్లు వైద్య విధాన పరిషత్ కింద నడిచాయి. మెడికల్ కాలేజీ, దానికి అనుబంధంగా ఉన్న ఆసుపత్రి మాత్రం వైద్య విద్య సంచాలకులు, అంటే డీఎంఈ పరిధిలోకి వస్తాయి. కాలేజీకి ప్రిన్సిపల్, ఆసుపత్రికి సూపరింటెండెంట్. పొద్దున వార్డులో మిమ్మల్ని చూసిన ప్రొఫెసరే మధ్యాహ్నం క్లాసులో పాఠం చెబుతారు. విశాఖ కేజీహెచ్ వెనక ఆంధ్రా మెడికల్ కాలేజీ, కాకినాడ జీజీహెచ్ వెనక రంగరాయ, వరంగల్ ఎంజీఎం వెనక కాకతీయ, తిరుపతి రుయా వెనక ఎస్వీ ఉన్నట్టే ప్రతి బోధనాసుపత్రికీ ఒక కాలేజీ ఉంటుంది. రుయా పక్కనే ఉన్న స్విమ్స్, హైదరాబాదులోని నిమ్స్ సంగతి వేరు. అవి ప్రత్యేక చట్టాలతో ఏర్పడ్డ సంస్థలు, అక్కడ ఫీజులుంటాయి. రుయా చీటీతో స్విమ్స్‌లో నిలబడితే ఆ పూట వృథా.

ఇక్కడే ఇంకో మాట. ఉచిత వైద్యానికి వచ్చాం కదా అని బిక్కుబిక్కుమంటూ నిలబడాల్సిన పని లేదు. జాతీయ వైద్య కమిషన్ 2023 నిబంధనల ప్రకారం 100 ఎంబీబీఎస్ సీట్లున్న కాలేజీకి 420 పడకలు, 150 సీట్లకు 605 పడకలు ఉండాలి, వాటిలో 80 శాతం రోగులతో నిండి ఉండాలి. రోగులు లేకపోతే కాలేజీ లేదు. మీరు ఆ వరసలో హక్కుగా నిలబడొచ్చు.

యూనిట్ అంటే ఏమిటి

జనరల్ మెడిసిన్, సర్జరీ, ఎముకలు, గైనిక్, పిల్లల విభాగం లాంటి పెద్ద విభాగాలన్నీ యూనిట్లుగా విడిపోయి ఉంటాయి. యూనిట్ పెద్ద ఒక ప్రొఫెసర్, వార్డులో అందరూ ‘చీఫ్’ అంటారు. ఆయన కింద అసోసియేట్, అసిస్టెంట్ ప్రొఫెసర్లు, సీనియర్ రెసిడెంట్, పీజీలు (ఎంబీబీఎస్ అయ్యాక పై చదువు చదివే డాక్టర్లు), హౌస్ సర్జన్లు (ఎంబీబీఎస్ చివర శిక్షణలో ఉన్నవాళ్లు). యూనిట్‌కు తన పడకలు తనకుంటాయి. వారంలో కొన్ని రోజులు ఓపీ, కొన్ని రోజులు ఆపరేషన్లు, ఒకటో రెండో రోజులు అడ్మిషన్ డే. అడ్మిషన్ డే నాడు క్యాజువాల్టీకి వచ్చి చేరిన కేసులన్నీ ఆ యూనిట్‌వే. మంగళవారం అర్ధరాత్రి కడుపునొప్పితో చేరినవాళ్లు మంగళవారం యూనిట్ రోగులవుతారు, డిశ్చార్జి దాకా వాళ్లే చూస్తారు, తర్వాత చూపించుకోవాల్సిందీ వాళ్లకే.

అందుకే మొదటి రోజే మూడు ప్రశ్నలు అడిగి చీటీ వెనక రాసుకోండి. మాది ఏ యూనిట్? మీ ఓపీ ఏయే రోజులు, ఏ గది? మీ ఆపరేషన్ రోజులు ఏవి? హౌస్ సర్జన్ అయినా స్టాఫ్ నర్స్ అయినా అర నిమిషంలో చెప్పేస్తారు.

డాక్టరు పేరు గుర్తుపెట్టుకుంటే చాలదా అంటారు. చాలదు. హౌస్ సర్జన్లు ఏడాది శిక్షణలో ఒక్కో విభాగంలో కొన్ని వారాలే ఉంటారు. పీజీలు చదువు మధ్యలో మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పని చేయాలి. ‘మొన్న చూసిన కళ్లద్దాల డాక్టరమ్మ’ కోసం వెతికితే ఆమె ఇప్పుడు ఇంకో ఊళ్లో ఉండొచ్చు. మనుషులు మారినా యూనిట్ అక్కడే ఉంటుంది, మీ కేసు దాని దగ్గరే ఉంటుంది.

ఓపీకి వెళ్లే రోజు

ఓపీ ఉదయం 9 గంటల ప్రాంతంలో మొదలవుతుంది, చీటీ వరస అంతకంటే ముందే పెరుగుతుంది. ఫోన్‌లో ఆభా (ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య ఖాతా) నంబరు ఉంటే చాలా ఆసుపత్రుల్లో కౌంటర్ దగ్గరి క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి టోకెన్ తీసుకోవచ్చు. ఆధార్, రేషన్ కార్డు, పాత చీటీలు, పాత రిపోర్టులు, వాడుతున్న మందుల అట్టలు ఒకే సంచిలో పెట్టుకోండి. అట్టలు తప్పకుండా తెండి. ‘తెల్లటి చిన్న బిళ్ల’ అంటే ఏ డాక్టరూ పోల్చుకోలేరు.

జబ్బు ఎన్ని రోజులుగా ఉందో, మొదట ఏం జరిగిందో, ఏ మందుకి ఎలర్జీయో రెండు మూడు వాక్యాల్లో ముందే అనుకుని వెళ్లండి. మొదట హౌస్ సర్జనో పీజీయో అడుగుతారు, తర్వాత పైవాళ్లు అదే మళ్లీ అడుగుతారు. విసుక్కోకండి. చెప్పిందే చెప్పడంలో మొదటిసారి మర్చిపోయిన ముక్క బయటపడుతుంది, దాంతోనే జబ్బు దొరికిన సందర్భాలు ఎన్నో. విద్యార్థులు చుట్టూ నిలబడి చూడటం మీకు ఇబ్బందిగా ఉంటే వద్దని చెప్పే హక్కు మీకుంది. ఆడవాళ్లను పరీక్షించేటప్పుడు పక్కన నర్సు గానీ ఇంటి ఆడమనిషి గానీ ఉండాలని అడగండి.

కొత్త కాలేజీల ఆసుపత్రుల విషయంలో ఒక జాగ్రత్త. 2023 సెప్టెంబరులో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలలో కాలేజీలు మొదలైనప్పుడు అక్కడి జిల్లా ఆసుపత్రులే బోధనాసుపత్రులయ్యాయి. ఇలాంటి చోట్ల మెడిసిన్, సర్జరీ, గైనిక్, ఎముకలు, పిల్లలు, కళ్లు, చెవి-ముక్కు-గొంతు విభాగాలు ఉంటాయి. గుండె ఆపరేషన్, మెదడు ఆపరేషన్ లాంటివి ఉంటాయన్న నమ్మకం పెట్టుకోకుండా ముందే వాకబు చేయండి. రిఫర్ చేస్తే రిఫరల్ కాగితం మీద ఇచ్చిన మందులు, ఇచ్చిన సమయం రాయించుకోండి. అవి లేకపోతే అవతల మళ్లీ మొదటి నుంచి మొదలెడతారు.

వార్డులో చేరాక

మంచం దగ్గరి కేస్ షీట్‌లో లేని పని ఆసుపత్రిలో జరగదు. చీఫ్ రౌండ్స్‌లో ‘కార్డియాలజీ ఒపీనియన్ తీసుకోండి’ అంటే పీజీ అది కేస్ షీట్‌లో రాయాలి, ఎవరో ఆ విభాగానికి కబురు పెట్టాలి, అక్కడి డాక్టరు వచ్చి చూసి అదే కాగితంలో జవాబు రాయాలి. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా రోగి రెండు రోజులు ఊరికే పడుకుంటాడు. కాబట్టి రౌండ్స్ అయ్యాక పీజీని నెమ్మదిగా అడగండి: “ఈ రోజు ఏం రాశారండీ? ఏ పరీక్షకి వెళ్లాలి? ఒపీనియన్ ఎవరిది రావాలి?” సాయంత్రానికి అది జరిగిందో లేదో మళ్లీ అడగండి. రౌండ్స్ సమయంలో రోగి దగ్గర ఒక్కరే ఉండండి, ఆ ఒక్కరు రోజూ ఒకరే అయితే ఇంకా మంచిది. ఉదయం బావమరిది, సాయంత్రం పెదనాన్న ఉంటే విన్న మాట ఇంకొకరికి చేరదు.

ఆపరేషన్లు వాయిదా పడటానికి తరచూ కారణమయ్యేది మత్తు డాక్టరు ఫిట్‌నెస్, అంటే మత్తు తట్టుకోగలరన్న మాట, ఇవ్వకపోవడం. బీపీ, షుగరు ఎక్కువున్నా రక్తం తక్కువున్నా దగ్గు ఉన్నా ఆపేస్తారు, ఆపడమే మంచిది. అలా యూనిట్ ఆపరేషన్ రోజు తప్పితే మళ్లీ ఆ యూనిట్ రోజు వచ్చేదాకా ఆగాలి. అందుకని ఫిట్‌నెస్ పరీక్షలు ముందుగానే చేయించమని అడగండి, రక్తం కావాలంటే దాతలను ముందే సిద్ధం చేసుకోండి. ముందు రాత్రి చెప్పిన సమయం తర్వాత ఏమీ తినిపించకండి. పెద్దవాళ్లకు మామూలు తిండి కనీసం 6 గంటలు, భారీ భోజనం 8 గంటలు ముందే ఆపేయాలి. పాపం నీరసంగా ఉన్నాడని పొద్దున్నే రెండు ఇడ్లీలు పెడితే కేసు ఆ రోజు జాబితాలోంచి పోతుంది. మత్తులో ఉండగా ఆ తిండి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం మీదికి వస్తుంది. క్యాజువాల్టీ నుంచి అత్యవసర కేసు వచ్చినా మీ వంతు వెనక్కి జరుగుతుంది. దానికి డాక్టరుతో గొడవపడి లాభం లేదు.

మందులను రాష్ట్ర వైద్య సేవల సంస్థ కొని సెంట్రల్ డ్రగ్ స్టోర్ల ద్వారా ఆసుపత్రులకు పంపుతుంది. ఏ మందు ఎంత కావాలో ఆసుపత్రి ఇండెంట్ పెట్టాలి, స్టాక్ రావాలి, ఈలోపు కొరత వస్తుంది. ‘బయట తెచ్చుకోండి’ అని చీటీ ఇస్తే పరుగెత్తే ముందు వార్డు హెడ్ నర్స్‌ను, ఫార్మసీని అడగండి. ఒక వార్డులో లేనిది పక్క వార్డులో ఉండొచ్చు. నిజంగా లేకపోతే ఆర్‌ఎంఓని (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) కలవండి, అవసరమైన మందును స్థానికంగా కొనే వీలు సూపరింటెండెంట్‌కు ఉంటుంది. కొనక తప్పకపోతే కంపెనీ పేరు బదులు మందు పేరు రాయించుకుని జన ఔషధి దుకాణంలో చూడండి.

ఆరోగ్యశ్రీ (ఆంధ్రాలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) సర్కారు ఆసుపత్రిలోనూ వర్తిస్తుంది. ‘ఎలాగూ ఉచితమే కదా’ అని వదిలేయకండి. ఇంప్లాంట్లు, ప్లేట్లు, రాడ్లు కావాల్సిన కేసుల్లో ఇదే ఆదుకుంటుంది. చేరిన రోజే రేషన్ కార్డు, ఆధార్‌తో ఆరోగ్యమిత్ర కౌంటర్‌కి వెళ్లండి, ఆంధ్రాలో వైద్యమిత్ర అంటారు. రోగి ఫొటో, రిపోర్టులు అప్‌లోడ్ చేసి అనుమతి తెచ్చుకున్నాకే ఆపరేషన్ తేదీ పడుతుంది. కార్డులో పేరుకీ ఆధార్‌లో పేరుకీ తేడా ఉంటే అక్కడే ఆగిపోతుంది. అనుమానాలుంటే 104కి ఫోన్ చేయండి.

క్యాజువాల్టీకి పరుగెత్తాల్సి వస్తే

కాగితాల కోసం ఇంట్లో వెతకొద్దు, 108 పిలవండి. రోడ్డు ప్రమాదం, కాలిన గాయాలు, విషం, కొట్లాట కేసులను ఎంఎల్‌సీగా, అంటే పోలీసులకు చెప్పాల్సిన మెడికో లీగల్ కేసుగా రాసి ఆసుపత్రి ఔట్‌పోస్టు పోలీసులకు తెలియజేస్తారు. పోలీసులు వచ్చేదాకా వైద్యం ఆపకూడదని సుప్రీంకోర్టు 1989లోనే స్పష్టంగా చెప్పింది. పురుగుమందు తాగితే డబ్బా వెంట తీసుకెళ్లండి, దాని మీది మందు పేరును బట్టే విరుగుడు మారుతుంది. పాము కరిస్తే పామును పట్టుకునే ప్రయత్నం వద్దు, గట్టిగా తాడు కట్టొద్దు, కాటు వేసిన సమయం గుర్తుపెట్టుకోండి చాలు. భయపడో పరువు కోసమో ‘కాలు జారి పడ్డాడు’ అని అబద్ధం చెప్పకండి. మొదట రాసిన ఆ ఒక్క వాక్యాన్ని తర్వాత ఇన్సూరెన్స్‌లోనూ కోర్టులోనూ మార్చడం మహా కష్టం.

ఇబ్బంది వస్తే మెట్లు ఇవీ: డ్యూటీ డాక్టరు, యూనిట్ అసిస్టెంట్ ప్రొఫెసర్, చీఫ్, ఆర్‌ఎంఓ, సూపరింటెండెంట్. ట్రాలీ తోసేవాళ్లో ఇంకెవరో డబ్బులు అడిగితే నేరుగా ఆర్‌ఎంఓ దగ్గరికే వెళ్లండి, తేదీ, సమయం, వార్డు రాసి కాగితం ఇవ్వండి. నోటి మాట నిలవదు.

ఇంటికి వెళ్లేటప్పుడు

చెప్పకుండా వెళ్లిపోతే కేస్ షీట్‌లో పరారీ అని, డాక్టర్ల సలహా కాదని వెళ్తే లామా (లెఫ్ట్ అగైన్‌స్ట్ మెడికల్ అడ్వైస్) అని రాస్తారు. రెండిట్లోనూ సరైన డిశ్చార్జి సమ్మరీ దొరక్క తర్వాత అవస్థ పడేది మీరే. సమ్మరీ చేతికి రాగానే అక్కడే చదివించుకోండి. జబ్బు పేరు, చేసిన ఆపరేషన్, మందులు ఎన్ని రోజులు, కుట్లు ఎప్పుడు తీస్తారు, మళ్లీ ఏ రోజు రావాలి అన్నవన్నీ ఉన్నాయేమో చూడండి. రావాల్సిన తేదీ మీ యూనిట్ ఓపీ రోజున పడుతోందా అని క్యాలెండర్ పెట్టి సరిచూసుకోండి. ఒక్కోసారి పొరపాటున వేరే యూనిట్ రోజు వేస్తారు.

కేస్ షీట్ మాత్రం మీకివ్వరు, మెడికల్ రికార్డ్స్ విభాగానికి వెళ్తుంది. దాని నకలు కావాలంటే సూపరింటెండెంట్ పేర అర్జీ పెట్టుకోండి. వైద్య వృత్తి నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి, వాటిని కనీసం మూడేళ్లు దాచాలి. ఆ అర్జీలో ఐపీ నంబరు (వార్డులో చేరినప్పుడు ఇచ్చేది), చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ, యూనిట్ నంబరు రాస్తే వెతకడం తేలికవుతుంది.