డీ అండ్ డీ ఆటలో ఎక్స్‌పీ గొడవ లేకుండా ఎలా పంచాలి?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) ఆట ముగిసి డైస్ సంచిలో వేసుకునే వేళకే చాలా గ్రూపుల్లో అసలు పంచాయితీ మొదలవుతుంది. ఎక్కువ గోబ్లిన్లను (ఆటలో వచ్చే చిన్న రాక్షసులను) కొట్టినవాడికి ఎక్కువ పాయింట్లు కావాలి. రాత్రంతా దెబ్బలు మాన్పుతూ కూర్చున్న క్లరిక్‌కు (పూజారి పాత్రకు) తన పని లెక్కలోకి రాలేదని మంట. ఆ వారం రాలేకపోయినవాడు వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్ చూసి కూడా ఉలకడు, పలకడు. నల్లగొండ, మహబూబ్‌నగర్ లాంటి ఊళ్లలో ఈ ఆట ఆడేవాళ్లు నలుగురైదుగురు దొరకడమే గగనం. పాయింట్ల మీద అలిగి ఒక్కరు మానేసినా మొత్తం క్యాంపెయిన్, అంటే వారాల తరబడి నడిచే కథ, మూలకు పడుతుంది.

ఈ ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కలు. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్‌లో ఒకరు గేమ్ మాస్టర్‌గా ఉండి కథ నడుపుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. పాత్ర చేసే పని ఫలిస్తుందా లేదా అన్నది డైస్ చెబుతుంది. ఆపదలు దాటిన కొద్దీ పాత్రలకు అనుభవ పాయింట్లు, అంటే ఎక్స్‌పీ, జమ అవుతాయి. ఒక లెక్క దాటగానే లెవెల్ పెరుగుతుంది, కొత్త శక్తులు వస్తాయి.

నా పద్ధతి సూటిగా చెబుతాను: ఎక్స్‌పీ పార్టీది, అంటే పాత్రలన్నీ కలిసిన జట్టుది, మనిషిది కాదు. ఊళ్లో పండుగకు యాటను కోసి పోగులు పెట్టేటప్పుడు ప్రతి పోగులోనూ కాస్త కార్జం, కాస్త బొక్క, కాస్త మెత్తటి ముక్క పడేలా చూస్తారు. ఎవరు కత్తి పట్టారు, ఎవరు తోలు తీశారు అని పోగు సైజు మార్చరు. ఎక్స్‌పీ కూడా అలాగే పంచాలి. బాగా ఆడినవాళ్లను మెచ్చుకోవడానికి వేరే దారులున్నాయి, అవీ చెబుతాను.

మొదటి సెషన్‌కు ముందే మాట అనుకోండి

వేటికి పాయింట్లు ఇస్తారు, ఎలా పంచుతారు, రానివాళ్ల సంగతేంటి: ఈ మూడూ తేలాలి. తేలాక నాలుగు వాక్యాల్లో రాసి గ్రూప్‌లో పిన్ చేయండి. గొడవ వచ్చాక పెట్టే రూల్ ఎంత మంచిదైనా ఎవరో ఒకరి మీద కక్షతో పెట్టినట్టే కనిపిస్తుంది.

వేటికి ఇవ్వాలో తేల్చుకోండి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆలోచించండి. దేనికి పాయింట్లు ఇస్తే ఆటగాళ్లు దాని వెంటే పడతారు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చినప్పుడు, రాక్షసులను ఓడించడం కంటే నిధి తేవడానికే ఎక్కువ పాయింట్లు వచ్చేవి: ఒక బంగారు నాణేనికి ఒక ఎక్స్‌పీ. దాంతో తెలివైన ఆటగాళ్లు ఎక్కడ కొట్లాట తప్పించుకోవచ్చా, ఏ సందులోంచి సొమ్ముతో జారుకోవచ్చా అని చూసేవాళ్లు. చంపితేనే పాయింట్లు అంటే మాత్రం ఎదురొచ్చిన ప్రతిదాన్నీ నరుకుతూ పోతారు.

మా ఆటలో ఒక కోట ఉంది. 14వ శతాబ్దంలో రేచర్ల పద్మనాయకులు ఏలిన దేవరకొండ కోటను మనసులో పెట్టుకుని గీసుకున్నది. చుట్టూ గుట్టలు, ఒకదాని తర్వాత ఒకటి దర్వాజాలు, లోపల కోనేర్లు. అలాంటి చోట చంపడానికే పాయింట్లిస్తే కోట అంతా వృథా. దొంగదారి కనిపెట్టినా, కాపలావాడిని మాటల్లో పెట్టినా, దాహంతో ఉన్న పార్టీకి నీళ్లు దొరికే చోటు పసిగట్టినా పాయింట్లు రావాలి. ఆపద తొలగిందా లేదా అన్నదే కొలత, అది కత్తితో తొలగిందా నోటితో తొలగిందా అన్నది కాదు.

ఏ జీవికి ఎన్ని పాయింట్లో తెలియడానికి ఖరీదైన పుస్తకాలు కొనక్కర్లేదు. 2023 జనవరిలో ఈ ఆట ఐదో ఎడిషన్ మూల నియమాల పత్రం క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద విడుదలైంది. ఫ్రీగా దించుకోవచ్చు, లెక్కలన్నీ అందులోనే ఉంటాయి.

కూడండి, భాగించండి

ఒక సెషన్ లెక్క చూద్దాం. ఐదుగురు ఆటగాళ్లు, ఒక్కొక్కరి దగ్గర అప్పటికే 740 ఎక్స్‌పీ. 2014 నాటి ఐదో ఎడిషన్ పట్టిక ప్రకారం రెండో లెవెల్‌కు 300, మూడో లెవెల్‌కు 900 కావాలి. ఆ రాత్రి ఆరు గోబ్లిన్లను ఓడించారు, ఒక్కోదానికి 50 చొప్పున 300. రెండో దర్వాజా దగ్గరున్న ఓగర్ అనే భారీ రాక్షస జీవితో పోట్లాడలేదు. రోగ్ (దొంగ పాత్ర) ఆడే తమ్ముడు దానికి ఒక మేకపోతును ఆశ చూపి పక్కకు తప్పించాడు. ఓగర్ విలువ 450. దొంగదారి కనిపెట్టినందుకు నేను వేసింది 150. మొత్తం 900, ఐదుగురికి తలా 180. అందరూ 920కి చేరారు, మూడో లెవెల్ వచ్చింది.

నోట్‌బుక్‌లో ఈ కూడిక ఇంకా పూర్తికాకముందే రోగ్ అందుకున్నాడు: "అన్నా, ఓగర్‌తోని మాట్లాడింది నేనొక్కన్నే. ఆ 450 నాకే రావాలె గదా?"

క్లరిక్ ఆడే చెల్లె ఊరుకుంటుందా! "గోబ్లిన్ బాణం తాకి నువ్వు కింద పడ్డప్పుడు నీ పానం నిలబెట్టిందెవరు తమ్మీ? అప్పుడు నీకు నోరెక్కడిది?"

వాడి మాటే విన్నామనుకోండి. మిగతా 450లో వాటాగా 90 కూడా కలిపి రోగ్ 1,280కి పోతాడు, నలుగురూ 830 దగ్గరే ఆగుతారు. ఒకరు మూడో లెవెల్, నలుగురు రెండో లెవెల్. వచ్చే వారం నుంచి మాట్లాడే అవకాశం వస్తే చాలు, అందరూ ఒకరి మీద ఒకరు పడి మాట్లాడతారు. దెబ్బలు మాన్పేవాళ్లు ఉండరు.

భాగిస్తే చిల్లర మిగిలితే పైకి సర్దేయండి. అర పాయింట్ దగ్గర వాదన పెట్టుకోవద్దు.

పాత ఎడిషన్లలో సమానంగా పంచినా లెవెల్స్ సమానంగా పెరిగేవి కావు. ఒక్కో క్లాస్‌కు (పాత్ర రకానికి) ఒక్కో పట్టిక ఉండేది: ఫైటర్‌కు రెండో లెవెల్ 2,000 దగ్గర వస్తే, మాంత్రికుడికి 2,500 కావాలి. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ అందరికీ ఒకే పట్టిక పెట్టింది. మీరు పాత పుస్తకాలతో ఆడుతుంటే ఈ తేడా ముందే చెప్పండి, లేకపోతే మీరే తొండి చేశారంటారు.

రానివాళ్లు, కొత్తవాళ్లు, వెంట వచ్చినవాళ్లు

మన దగ్గర సెషన్ ఎగ్గొట్టడానికి కారణాలు అందరికీ తెలిసినవే. బత్తాయి కోతకొస్తే తోట వదిలి రాలేరు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేవాళ్లకు శనివారం బస్సు దొరకదు, దొరికినా డ్యూటీ పడుతుంది. గ్రూప్స్ పరీక్షలుంటే రెండు నెలలు మనిషి కనిపించడు. వీళ్లకు ఎక్స్‌పీ ఇవ్వాలా?

ఇవ్వాలనే అంటాను, అదీ పూర్తిగా. ఆట మిస్ కావడమే వాళ్లకు పడ్డ శిక్ష. పైగా లెవెల్ తేడా వస్తే నష్టం వాళ్లొక్కరిదే కాదు. ఐదో లెవెల్‌లో ఫైటర్ ఒకే వంతులో రెండు దెబ్బలు వేయగలడు, విజార్డ్ (మాంత్రికుడు) చేతికి ఫైర్‌బాల్ అనే నిప్పు మంత్రం వస్తుంది. మిగతావాళ్లు ఐదులో ఉండి ఒకరు నాలుగులోనే ఉంటే, ఎదుట ఎలాంటి శత్రువును పెట్టాలో గేమ్ మాస్టర్‌కే తోచదు. బలమైనదాన్ని పెడితే వెనకబడినవాడు పోతాడు, తేలికైనదాన్ని పెడితే మిగతావాళ్లకు బోర్. కావాలని డుమ్మా కొట్టేవాళ్లుంటే దాన్ని ఎక్స్‌పీ కోసి సరిచేయలేరు. పక్కకు పిలిచి, టీ తాగుతూ అడగడమే దారి.

కొత్తగా చేరేవాళ్లను ఒకటో లెవెల్ నుంచి మొదలుపెట్టమనే గ్రూపులున్నాయి. లెక్క ప్రకారం వాళ్లు తొందరగానే అందుకుంటారు. పార్టీ ఐదో లెవెల్‌లో 6,500 నుంచి ఆరో లెవెల్ కోసం 14,000కు చేరేసరికి, సున్నా నుంచి వచ్చినవాడి దగ్గర 7,500 ఉంటుంది. అంటే వాడూ ఐదో లెవెల్. కానీ అంతదాకా బతకాలిగా! ఓగర్ ఒక్క దెబ్బకు సగటున 13 పాయింట్ల గాయం చేస్తుంది. ఒకటో లెవెల్ విజార్డ్‌కు ఉండే ప్రాణమే ఏడో ఎనిమిదో. నేనైతే కొత్తవాళ్లకు మొదటి రోజే పార్టీతో సమానంగా ఎక్స్‌పీ రాసిస్తాను.

కూలికి పెట్టుకున్న సిపాయి, దారి చూపే గొర్లకాపరి లాంటి పాత్రలు పోరులో గట్టిగా సాయం చేస్తే వాళ్లనూ ఒక తలకాయగా లెక్కించి భాగించమని ఐదో ఎడిషన్ గేమ్ మాస్టర్ పుస్తకం చెబుతుంది. పైన చెప్పిన 900 అప్పుడు ఆరుగురికి 150 అవుతుంది. ఉత్త మూట మోసినవాడికి వాటా అక్కర్లేదు.

బాగా ఆడినవాళ్లకు వేరే బహుమతి

మెప్పు పాయింట్లతోనే చూపాలని లేదు. 2014 నాటి ఐదో ఎడిషన్‌లో ఇన్‌స్పిరేషన్ అని ఉంది: అది ఉన్నవాళ్లు ఒకసారి రెండు డైస్ వేసి ఎక్కువ పడ్డది తీసుకోవచ్చు. వాడగానే అయిపోతుంది, లెవెల్ తేడా రాదు. పై సెషన్‌లో మేకపోతు ఉపాయానికి రోగ్‌కు నేను ఇచ్చింది ఇదే. కథలోనూ ఇవ్వొచ్చు: కోటలోని ఓగర్ ఇక మీద ఆ రోగ్‌ను చూస్తే దోస్తులా పలకరిస్తుంది, ఊరివాళ్లు వాడికొక పేరు పెడతారు. రోగ్‌కు ఆ పేరు 450 పాయింట్ల కంటే ఎక్కువ నచ్చింది.

సెషన్ చివర "ఈ రోజు ఎవరు బాగా ఆడారు" అని ఓటింగ్ పెట్టి ఎక్స్‌పీ ఇచ్చే పద్ధతి మాత్రం వద్దు. మాటకారులకే పడతాయి ఓట్లు. నెమ్మదస్తులు నెల తిరిగేసరికి ఇంకా నెమ్మదైపోతారు.

అసలు లెక్కే వద్దనుకుంటే

కథలో ఒక ఘట్టం దాటగానే అందరికీ కలిపి లెవెల్ పెంచేయొచ్చు. దీన్ని మైల్‌స్టోన్ పద్ధతి అంటారు. పిల్లలతో ఆడేటప్పుడు, నెలకోసారే కలిసే గ్రూపుల్లో ఇదే హాయి. కాకపోతే ఘట్టం ఏదో ముందే చెప్పాలి, "మూడో దర్వాజా దాటితే లెవెల్" అని. చెప్పకపోతే గేమ్ మాస్టర్ దయ మీద బతుకుతున్నట్టు ఉంటుంది. కాల్ ఆఫ్ క్తుల్హు లాంటి ఆటల్లో ఈ పంపకమే లేదు. ఆటలో వాడి నెగ్గిన నైపుణ్యాల పక్కన టిక్కు పెట్టుకుంటారు, తర్వాత డైస్ వేస్తే ఆ నైపుణ్యమే పెరగొచ్చు.

ఇప్పటిదాకా విడివిడిగా ఇస్తూ వచ్చి మధ్యలో మార్చాలంటే, అందరి ఎక్స్‌పీని ఎక్కువ ఉన్నవాళ్ల అంకెకు తెచ్చేయండి. సగటు తీయొద్దు, సగటు తీస్తే ఎవరి షీట్‌లోనో అంకె కొట్టేయాల్సి వస్తుంది. పైకి పెంచితే ఎవరి సొమ్మూ పోదు. పార్టీ కాస్త బలపడుతుంది కాబట్టి తర్వాతి సెషన్‌లో ఒక ఓగర్ అనుకున్నచోట రెండు పెట్టుకోండి.